9:02కి దిగిన విమానం: అది రాత్రి ల్యాండింగా, కాదా?

ఫ్లోరిడా పిచ్చుక:
ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉంది, ఇక్కడ ఫ్లోరిడాలోనే కమర్షియల్ శిక్షణలో ఉన్నాను. నిన్న మా ఊళ్లో సూర్యాస్తమయం 8:12కి, సివిల్ ట్వైలైట్ (అస్తమించాక మిగిలే సంధ్య వెలుగు) ముగిసింది 8:37కి. నేను ఒంటరిగా 8:20కి టేకాఫ్ అయ్యాను, 9:02కి దిగి పూర్తిగా ఆగాను, 9:07కి పార్కింగుకు చేరాను. రాత్రి గంటలకు 8:37 నుంచి లెక్క కాబట్టి లాగ్‌బుక్‌లో (మా ప్రయాణాలు రాసుకునే పుస్తకం) రాత్రి గడిలో 0.5 గంట వేశాను. దాని మీద పేచీ లేదు. పేచీ అంతా పక్కనున్న ‘రాత్రి ల్యాండింగులు’ గడి మీదే. ఒక శిక్షకుడు 1 వేయమన్నారు, ఇంకొకరు సున్నా అన్నారు. మీరేమంటారు?

లెక్కల మనిషి:
నిస్సందేహంగా 1. అమెరికా నిబంధనల్లో రాత్రికి నిర్వచనం ఉంది: సాయంత్రం సివిల్ ట్వైలైట్ ముగిసినప్పటి నుంచి తెల్లవారి సివిల్ ట్వైలైట్ మొదలయ్యేదాకా. అంటే సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు దిగువన, లేదా ఇంకా కిందికి ఉన్న సమయం. 9:02 అందులోకి వస్తుంది. గడి పేరు కూడా రాత్రి ల్యాండింగులే కదా!

పైగా ఇందులో లాభం కూడా ఉంది. రేపు ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సుకు 1500 గంటల్లో 100 రాత్రి గంటలు చూపించాలి. రాత్రి టేకాఫ్, పూర్తిగా ఆగిన ల్యాండింగు 20 సార్లు చేశాక, ఆపైన చేసే ఒక్కోదాన్ని ఒక్కో గంటగా లెక్కేసుకోవచ్చు, 25 గంటల దాకా. చేతికొచ్చిన దాన్ని ఎందుకు వదులుకోవాలి?

డల్లాస్ శిక్షకుడు:
సున్నా. లెక్కల మనిషి గారూ, టేకాఫ్ సమయం మళ్లీ చూడండి. 8:20! అప్పటికి రాత్రి మొదలే కాలేదు. మీరు చెప్పిన 25 గంటల వెసులుబాటుకు టేకాఫ్, ల్యాండింగు రెండూ రాత్రివే కావాలి. ఇక్కడ సగమే ఉంది.

తమ్ముడూ, ఆ గడిని ఎప్పుడు తిరగేస్తావో ఆలోచించు. శనివారం సాయంత్రం స్నేహితుడు ఊరి దీపాలు చూపించమంటాడు. రాత్రి ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, పూర్తిగా ఆగిన మూడు ల్యాండింగులు స్వయంగా చేసి ఉండాలి. వాటికి లెక్కించే వేళ సూర్యాస్తమయం తర్వాత గంటకు మొదలై, సూర్యోదయానికి గంట ముందు ముగుస్తుంది. నిన్న నీకది 9:12కి మొదలైంది. నువ్వు పది నిమిషాలు ముందే దిగావు. రెండు నెలల తర్వాత హడావుడిగా గడి కూడుతుంటే ఈ 1 నిన్ను మోసం చేస్తుంది.

లెక్కల మనిషి:
టేకాఫ్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ గడి మొత్తాన్ని ప్రయాణికుల నిబంధనకే రాసిచ్చేస్తే ఎలా? చట్టంలో ఉన్నది ఒక్క రాత్రి కాదు. రెక్కల దీపాలు సూర్యాస్తమయానికే వేయాలి. గంటలు ట్వైలైట్ ముగిశాక రాసుకోవాలి. ప్రయాణికుల కోసం ఇంకా ఆగాలి. ప్రైవేటు లైసెన్సు శిక్షణలో అడిగే పది రాత్రి ల్యాండింగులకు రెండో లెక్కే చాలు. అలాంటి విద్యార్థి 9:02కి దిగితే సున్నా వేస్తారా మీరు?

డల్లాస్ శిక్షకుడు:
వేయను. విద్యార్థి ఆ దశలో ప్రయాణికులను ఎక్కించుకోడు కాబట్టి. ఈ తమ్ముడు ఎక్కించుకుంటాడు.

బేగంపేట పాతకాపు:
ఇద్దరూ గడి దగ్గరే ఆగిపోయారు. మన దగ్గర కమర్షియల్ లైసెన్సుకు 5 గంటల రాత్రి ప్రయాణం, పదేసి టేకాఫ్‌లు, ల్యాండింగులు అడుగుతారు. అక్కడ శిక్షణ పొంది వచ్చే మన పిల్లలు ముందు దశాంశాలను గంటలు, నిమిషాల్లోకి మార్చుకుంటూ కూర్చుంటారు. 0.3 అంటే ముప్పై నిమిషాలు కాదు నాయనా, పద్దెనిమిది! కూడిక కుదిరాక హమ్మయ్య అనుకుంటారు. ఆ గంటల్లో నిజమైన చీకటి ఎంతో ఎవరూ అడగరు.

అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ విమాన ప్రమాదం నివేదిక చదవండి. 1999 జూలై 16న తనే విమానం నడుపుతూ న్యూజెర్సీ నుంచి 8:38కి బయలుదేరారు. ఆకాశంలో ఇంకా సంధ్య వెలుగు ఉంది. 9:41కి మార్తాస్ విన్యార్డ్ దీవి దగ్గర సముద్రంలో కూలిపోయారు. మసక, చీకటి, కింద నీళ్లు. ఏది పైనో ఏది కిందో తెలియని స్థితిలో అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. చివరి లాగ్‌బుక్ దొరకలేదు కాబట్టి అనుభవాన్ని అంచనా వేశారు: దాదాపు 310 గంటలు, అందులో రాత్రివి 55. కాగితం మీద తక్కువేమీ కాదు. కానీ ఆ విమానంలో పక్కన శిక్షకుడు లేకుండా రాత్రి నడిపింది ఎంతో తెలుసా? సుమారు 0.8 గంట. ఆ 55 చూసి ఈ 0.8ని ఊహించగలరా? అందుకే నేను రిమార్కుల గడిలో వెన్నెల ఉందా, కింద ఊరుందా నీళ్లున్నాయా, పక్కన ఎవరున్నారు అని రాయిస్తాను. ల్యాండింగు గడిలో ఏం వేసుకుంటారో మీ ఇష్టం.

ఉత్తరపు గాలి:
మధ్యలో ఒక మాట. మా అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో జూన్ అంతా సివిల్ ట్వైలైట్ ముగియదు, లాగ్‌బుక్‌లో రాత్రి గడి ఖాళీగానే ఉంటుంది. అలాస్కా వాసులకు రాత్రి శిక్షణ లేకుండానే, ‘రాత్రి నడపరాదు’ అన్న షరతుతో ప్రైవేటు లైసెన్సు ఇస్తారు. ఆ శిక్షణ పూర్తి చేయడానికి ఏడాది గడువు. మీ పది నిమిషాల గొడవ మాకు భాగ్యం!

ఫ్లోరిడా పిచ్చుక:
పాతకాపు గారి పద్ధతి నచ్చింది. గడిలో 1 వేసి, రిమార్కులో ‘9:02, ప్రయాణికుల లెక్కకు రాదు, వెన్నెల లేదు’ అని రాశాను.

డల్లాస్ శిక్షకుడు:
రిమార్కు ఆ వరుసలోనే ఉండిపోతుంది తమ్ముడూ. పేజీ అడుగున మొత్తం కూడినప్పుడు తర్వాతి పేజీకి వెళ్లేది ఆ 1 మాత్రమే. ఖాళీగా ఉన్న నిలువు గడి ఒకటి చూసుకుని, పైన ‘గంట దాటాక’ అని రాసి, ఆ లెక్క అందులో విడిగా పెట్టుకో. నిన్నటి వరుసకు అందులో సున్నా.

లెక్కల మనిషి:
అంటే మొదటి గడిలో 1 ఉండొచ్చన్నమాట!