కువైట్ వీసా: 20 మీద పోయి 18కి మార్చుకోవచ్చా?

కడప కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది కడప పక్క పల్లె. మా తమ్ముడికి కువైట్‌లో ఇంటి డ్రైవర్ వీసా ఉందని ఊళ్లో ఏజెంటు ఒకాయన వెంటపడుతున్నాడు. జీతం 120 దినార్లంట, లక్షన్నర కట్టాలంట. వీసా 20 నంబరుదే గానీ దిగిన నెలకే 18కి మార్చి కంపెనీలో పెట్టిస్తాడంట, అంతవరకు బయట ఎక్కడైనా చేసుకోవచ్చు, ఇది ఫ్రీ వీసా అంటాడు. తమ్ముడు టెన్త్ తప్పాడు, పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సినది. అందుకని ముందు విజిట్ మీద దుబాయ్ పంపి అక్కడి నుంచి ఎక్కిస్తాడంట. నాయన రెండు రూపాయల వడ్డీకి డబ్బు మాట్లాడి పెట్టాడు. కట్టాలా వద్దా?

ఫర్వానియా నుంచి:
కట్టొద్దు తమ్ముడూ. ఫ్రీ వీసా అనేదే లేదు. ఏ కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) పేరు మీద వీసా కొట్టారో ఆయన దగ్గరే పని చేయాలి. 20 అంటే ఖాదిం వీసా, ఇంటి పనివాళ్లది. 18 ప్రైవేటు కంపెనీలది. 2024లో జులై నుంచి సెప్టెంబరు దాకా ఒక రెండు నెలలు 20 వాళ్లను 18కి మారనిచ్చారు, అదీ అదే కఫీల్ దగ్గర ఏడాది చేసి, ఆయన ఒప్పుకుంటేనే. దిగిన నెలకే మార్పిస్తానంటే అది పచ్చి అబద్ధం.

కఫీల్‌ను వదిలి బయట చేస్తే పరారీ కేసు పెడతాడు, అకామా (అక్కడ ఉండే అనుమతి) పోతుంది, ఇక ఖల్లివెల్లి బతుకే, అంటే కాగితాల్లేకుండా దాక్కుని బతకడమే. జ్వరమొచ్చినా ఆస్పత్రికి పోవాలంటే భయం, ఊళ్లో చావైనా రాలేరు. మా పక్క రూములో ఒకాయన వాళ్లమ్మ దినం వీడియో కాల్లో చూశాడు, ఫోను గోడకు ఆనించి పెట్టుకుని అట్లే కూర్చుండిపోయాడు. మీ తమ్ముడికి ఆ గతి వద్దు.

ఇంటి డ్రైవర్ పని చెడ్డదని కాదు. పిల్లలను స్కూల్లో దింపడం, మామాను (ఇంటి యజమానురాలిని) మార్కెట్‌కు తీసుకుపోవడం, ఒక్కోసారి అర్ధరాత్రి లేపుతారు. 2015లో వచ్చిన చట్టం ప్రకారం వారానికో రోజు సెలవుంది, పాస్‌పోర్టు కఫీల్ పెట్టుకోకూడదు. మంచి ఇల్లు దొరికితే ఏళ్ల తరబడి చేసినవాళ్లున్నారు.

రాయచోటి అక్క:
దుబాయ్ మీదుగా తోసేదాన్నే పుషింగ్ అంటారు నాయనా, దానికి అసలు ఒప్పుకోవద్దు. ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకు కువైట్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పోవడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉండాలి. అది ఉంటేనే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా వర్తిస్తుంది. ఇక లైసెన్సున్న ఏజెంటు కూడా సర్వీస్ చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో లైసెన్సు ఏజెంట్ల పేర్లు ఉంటాయి, మీ ఊరాయన పేరు ఉందేమో వెతుకు. టెన్త్ కూడా ఓపెన్ స్కూల్లో కట్టించు, పాసైతే పాస్‌పోర్టుకు ఈసీఆర్ తీసేస్తారు. సర్టిఫికెట్ కొనిస్తామనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

కడప కుర్రాడు:
సైట్‌లో ఆయన పేరు లేదక్కా. వీసా కాపీ అడిగితే డబ్బు కట్టినాకే ఇస్తానన్నాడు. నాయనకు ఇవన్నీ చదివి వినిపించా, ఆగుదామన్నాడు. కానీ తమ్ముడు పోవాల్సిందే అంటున్నాడు, మరి ఏం చేయాలి?

ప్రొద్దుటూరు డ్రైవర్:
పోనివ్వండి, సరైన దారిలో. మన పక్క ఊళ్లవాళ్లు కువైట్‌లో లేని వీధి లేదు, వాళ్లలో ఎవరి బాబా (ఇంటి యజమాని) అయినా డ్రైవర్ కోసం చూస్తున్నాడేమో అడిగించండి. వీసా వచ్చినాక అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్లతోనో, మసీదులో హజరత్‌తోనో అరబ్బీ చదివించండి: నంబరు ఎంత, కఫీల్ ఎవరు, పని కింద ఏం రాశారు. జీతం కాంట్రాక్టులో ఉండాలి, నోటిమాట చెల్లదు. మన లైసెన్సు అక్కడ పనికిరాదు, అక్కడ లైసెన్సు తీసే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి, దాని మీదే చాలా గొడవలొస్తాయి. మెడికల్ కాకముందే మొత్తం డబ్బు అడిగేవాడికి ఇవ్వకండి. అన్‌ఫిట్ అయితే ఆ డబ్బు వెనక్కి రాబట్టలేరు.