కొండ పల్లెల కమ్యూనిటీ రేడియో మూతపడేలా ఉంది. ఏం చేయొచ్చు?

పల్లెగాలి:
పలమనేరు దాటినాక కౌండిన్య అడవి అంచున ఉండే కొండ పల్లెలకు ఒక చిన్న కమ్యూనిటీ రేడియో ఉంది. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, 30 మీటర్ల టవర్. వానలు పట్టినప్పటి నుంచి పవర్ 15 వాట్లకు పడిపోతోంది, ఎండ కాస్తే మళ్లీ లేస్తోంది. గుట్ట అవతలి పల్లెలకైతే ఎప్పుడూ గరగరే. నడిపే సంస్థ డబ్బుల్లేవని, ఈ నెలతో ఆపేస్తామని అంటోంది. ఏనుగులు ఏ పక్క దిగాయో, కరెంటు ఎప్పుడు తీస్తారో ఆ ఊళ్లకు తెలిసేది దీనివల్లే. సగం ఊళ్లలో సెల్ సిగ్నల్ కూడా లేదు. కొత్త ట్రాన్స్‌మిటర్ కొనాల్సిందేనా? ఊరివాళ్లు సంఘంగా చేరి స్టేషన్‌ను తమ పేరున తీసుకోవచ్చా?

టవర్ మేస్త్రీ:
ట్రాన్స్‌మిటర్ జోలికి ఇప్పుడే పోవద్దన్నా. వానకు పడి ఎండకు లేస్తోందంటే తప్పు దాదాపుగా టవర్ పైనే. యాంటెన్నా కనెక్టర్లో నీళ్లు చేరుంటాయి. పంపిన పవర్ వెనక్కి కొడుతుంటే కాలిపోకుండా ట్రాన్స్‌మిటర్ తనే తగ్గించుకుంటుంది. అలా ఎంత వెనక్కి కొడుతోందో చెప్పే లెక్క వీఎస్‌డబ్ల్యూఆర్. అది 1.5 లోపుంటే దిగుల్లేదు. 2 అయితే 11 శాతం, 3 అయితే 25 శాతం వెనక్కొస్తుంది.

తేల్చుకోడానికి 50 ఓమ్‌ల, 100 వాట్ల డమ్మీ లోడ్ ఒకటి చాలు, అంటే యాంటెన్నా బదులు పవర్‌ను తీసుకుని వేడిగా మార్చేసేది. ముందు ట్రాన్స్‌మిటర్ ఆపండి. నడుస్తుండగా కేబుల్ పీకితే లోపలి పవర్ ట్రాన్సిస్టర్ పోయే ప్రమాదం ఉంది. కేబుల్ తీసి అక్కడ లోడ్ బిగించి ఆన్ చేయండి. 50 వాట్లు నిలకడగా వస్తే పెట్టె బాగున్నట్టే. మళ్లీ ఆపి, కేబుల్ పైచివర యాంటెన్నా బదులు అదే లోడ్ పెట్టి చూస్తే తప్పు కేబుల్‌దో యాంటెన్నాదో తెలిసిపోతుంది. బెల్టు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వొద్దు, మబ్బు పట్టినప్పుడు అసలే వద్దు.

నిబంధనల పుస్తకం:
సంఘం పేరున తీసుకోవడం కుదరదండి. అనుమతి బదిలీ కాదు, ఎవరి పేరున ఇచ్చారో వాళ్లదే. కొత్తగా అడగాలంటే ఆ సంఘం రిజిస్టరై కనీసం 3 ఏళ్లు నిండాలి. కాబట్టి ఉన్నదాన్ని కాపాడుకోవడమే ముఖ్యం. ప్రసారం 3 నెలలకు మించి ఆగితే కేంద్ర సమాచార, ప్రసార శాఖ అనుమతి రద్దు చేసి ఆ ఫ్రీక్వెన్సీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. మూసేస్తున్నామని సంస్థవాళ్లు ఉత్తరం రాయకముందే వాళ్లతో కూర్చోండి. రోజుకు రెండు గంటలైనా సరే, గాలిలో ఉండనివ్వండి. స్టేషన్ సలహా కమిటీలోకి ఊరివాళ్లను తెచ్చుకోండి. 2024 నిబంధనల ప్రకారం అందులో సగం మంది ఆడవాళ్లుండాలి.

ఆ నిబంధనల్లోనే ప్రకటనల సమయం గంటకు 7 నుంచి 12 నిమిషాలకు పెంచారు, ప్రభుత్వ ప్రకటన రేటు 10 సెకన్లకు 74 రూపాయలు చేశారు. అంటే నిమిషానికి 444. అవి నెలనెలా వస్తాయని మాత్రం లెక్క కట్టుకోవద్దు. విత్తనాల అంగళ్లు, పాల డెయిరీల దగ్గరికి వెళ్లండి, జీతాలు ఆ డబ్బుతోనే గట్టెక్కాలి.

ఇంకో మాట. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే ట్రాన్స్‌మిటర్ తెచ్చి ఎవరూ సొంతంగా మొదలుపెట్టొద్దు. లైసెన్స్ లేకుండా ప్రసారం నేరం. పైగా ఎఫ్‌ఎం 108 మెగాహెర్ట్జ్‌తో ముగిస్తే అక్కడి నుంచే విమానాల బ్యాండ్. ఫిల్టర్ లేని పెట్టె రేణిగుంటలో దిగే విమానాల రేడియోలోకి దూరగలదు.

పల్లెగాలి:
డమ్మీ లోడ్‌పై 49 వాట్లు నిలకడగా వచ్చాయి. పై కనెక్టర్ విప్పితే పిన్ను చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది, వంచితే నీటి చుక్క రాలింది. కేబుల్ ఆర్‌జీ-213 రకం, 40 మీటర్లు.

టవర్ మేస్త్రీ:
అదే రోగం. కేబుల్‌ను కొద్దికొద్దిగా కోస్తూ రాండి, లోపలి రాగి తీగల అల్లిక మెరుస్తూ కనపడేదాకా. అడుగు దూరం కోసినా నల్లగానే ఉంటే మొత్తం మార్చాల్సిందే. మార్చేపనైతే అర అంగుళం ఫోమ్ కేబుల్ వేయండి. 40 మీటర్లలో ఆర్‌జీ-213 పవర్‌ను సగానికి దగ్గరగా తినేస్తుంది, ఫోమ్ కేబుల్లో పోయేది ఐదో వంతు లోపే. ఉన్న ట్రాన్స్‌మిటర్‌తోనే అంత లాభం.

కొత్త కనెక్టర్ బిగించాక సాగే రబ్బరు టేపు చుట్టి, దాని మీద పీవీసీ టేపు కింది నుంచి పైకి చుట్టండి. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతలో నీళ్లు నిలుస్తాయి. పుల్లటి వాసనొచ్చే సిలికాన్ పూయొద్దు, రాగిని తింటుంది. కనెక్టర్ కింద కేబుల్‌ను ఒక వంపు వేలాడనిస్తే వాన నీళ్లు అక్కడే జారిపోతాయి. ఎర్తింగ్ కూడా చూడండి. మన రాతి నేలలో ఒక్క కడ్డీ దిగితే చాలదు, టవర్ అడుగు నుంచి రాగి పట్టీని మట్టిలో నాలుగు దిక్కులా పరవాలి. కొలిస్తే ఎర్త్ నిరోధం 5 ఓమ్‌ల లోపు రావాలి.

నిబంధనల పుస్తకం:
గుట్ట అవతలి పల్లెల సంగతి వేరు. ఎఫ్‌ఎం ఎదురుగా కనపడే చోటికే బాగా చేరుతుంది, 50 వాట్లు పూర్తిగా వచ్చినా రాయి దాటదు. ఒక అనుమతికి ఒకే ట్రాన్స్‌మిటర్ కాబట్టి అవతల రెండోది పెట్టడానికీ లేదు. వాళ్లకు కార్యక్రమాలు రికార్డు చేసి మెమరీ కార్డులో పంపొచ్చు. గంట మాటలు 64 కేబీపీఎస్ నాణ్యతలో 29 ఎంబీ. 8 జీబీ కార్డులో 250 గంటలు పడతాయి. పాల వ్యాన్‌లో కార్డు పంపి పాల కేంద్రం దగ్గర స్పీకర్‌లో వినిపించండి. ఏనుగుల హెచ్చరికకు ఇది పనికిరాదు. ఎత్తు మీద సిగ్నల్ దొరికే ఇంటివాళ్లకు ఫారెస్టువాళ్ల నంబరు ఇచ్చి, గుడి మైకులో చెప్పించే ఏర్పాటు విడిగా చేసుకోవాలి.