గౌరామి గుడ్లు పెట్టాక మగచేపను ఎప్పుడు తీయాలి?

పటమట ట్యాంకు:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. రెండడుగుల ట్యాంకులో బ్లూ గౌరామి జంట ఉంది. నిన్న మగది గుర్రపుడెక్క ఆకుల కింద బుడగల గూడు కట్టింది. ఇవాళ పొద్దున చూస్తే ఆ నురగలో సన్నటి చుక్కల్లా గుడ్లు. ఆడదాన్ని అది మూలకు తరిమి తోక చింపేసింది, అందుకని ఆడదాన్ని వేరే టబ్బులోకి మార్చాను. ఇప్పుడు మగదాన్ని కూడా తీసెయ్యమని షాపతను అంటున్నాడు, ఉంచమని మా బావ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

బ్రాడీపేట గౌరామి:
ఉంచండి. జారిన గుడ్లను నోటితో ఏరి గూట్లో పెట్టేది, పగిలిన బుడగల చోట కొత్తవి ఊదేది అదే. ఒకటి, ఒకటిన్నర రోజులో పిల్లలు బయటికొస్తాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులు పొట్ట కింద సొన కరిగేదాకా గూటికి వేలాడుతూ ఉంటాయి. వేలాడడం మాని అడ్డంగా ఈదడం మొదలుపెట్టాక అప్పుడు తీయండి.

కృష్ణలంక అక్వేరియం:
అంతదాకా ఆగితే సగం దాని పొట్టలోకి పోతాయి. గౌరామి గుడ్లలో నూనె ఉంటుంది, వాటంతటవే తేలతాయి. కిందికి మునిగేవి ఫైటర్ చేప గుడ్లు. ఫైటర్ లెక్క తెచ్చి గౌరామికి వేయకండి. గుడ్లు పొదగగానే మగదాన్ని తీసెయ్యండి. ఫిల్టర్ గాలి తగ్గించండి, గూడు చెదరకుండా.

మంగళగిరి నుంచి:
ట్యాంకుకి మూత ఉందా? ముందు అది చెప్పండి.

బ్రాడీపేట గౌరామి:
తేలతాయని నాకూ తెలుసు. తేలిన గుడ్డు గూటి నుంచి పక్కకు కొట్టుకుపోతే దాన్ని వెనక్కి తెచ్చేదెవరు? మీరా?

కృష్ణలంక అక్వేరియం:
పక్కకు పోయినా పొదుగుతుంది. నేను చూశాను కాబట్టే చెబుతున్నా.

మంగళగిరి నుంచి:
మీరిద్దరూ గుడ్ల దగ్గరే ఆగిపోయారు. గౌరామి పైకొచ్చి గాలి పీలుస్తుంది కదా, ఆ అవయవం పుట్టుకతో ఉండదు, కొన్ని వారాలకు ఏర్పడుతుంది. అది ఏర్పడే రోజుల్లో నీటిపైన గాలి వెచ్చగా, తేమగా ఉండాలి. మూత లేకపోతే అప్పటిదాకా పెంచిన పిల్లలు కూడా పోతాయి.

కొత్తపేట గుంటూరు:
మన ఎండలకు చల్లగాలి ఎక్కడిదండీ?

మంగళగిరి నుంచి:
మీ ట్యాంకు ఏసీ గదిలో ఉంటే మే నెలలోనే ఎక్కువ ప్రమాదం. నీళ్ళు 28 డిగ్రీలున్నా పైన వీచేది చల్లటి పొడిగాలి. మూతకీ నీటికీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచి మూసేస్తే చాలు.

పటమట ట్యాంకు:
మా ట్యాంకు హాల్లోనే, ఏసీ ఉంది. ఇప్పుడే అద్దం పలక కప్పాను. చాలా థాంక్సండీ. మరి మేత ఏం పెట్టాలి?

కృష్ణలంక అక్వేరియం:
ఉడికించిన గుడ్డు పచ్చసొన పలచటి గుడ్డలో కట్టి నీళ్ళలో పిండండి. ఖర్చు లేని పని.

బ్రాడీపేట గౌరామి:
దయచేసి ఆ పని చెయ్యొద్దు. మిగిలిన సొన అడుగున చేరి కుళ్ళి, తెల్లారేసరికి నీళ్ళు పాలలా అవుతాయి. ఈ పిల్లలు వెంట్రుక మందాన ఉంటాయి, నోరు సూదిమొన అంత కూడా ఉండదు. మొదటి వారం వాటికి కావలసింది ఇన్ఫుసోరియా, అంటే నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవులు. పాత ట్యాంకు నీళ్ళలో అరటితొక్క ముక్క వేసి ఎండ తగిలేచోట పెడితే కొద్దిరోజుల్లో తయారవుతుంది. గుర్రపుడెక్క వేళ్ళల్లోనూ ఉంటుంది, కానీ కాలువ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క వద్దు, దాంతో తూనీగ పిల్లపురుగులు వచ్చి మీ చేపపిల్లల్ని పట్టి తింటాయి. వారం, పది రోజులయ్యాక అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే చిన్న ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవుల పిల్లలు. రొయ్యల హ్యాచరీలకు అమ్మే ఆర్టీమియా గుడ్ల డబ్బానే, బాపట్ల, చీరాల వైపు తెలిసినవాళ్ళుంటే కొంచెం అడిగి తెచ్చుకోండి.

కృష్ణలంక అక్వేరియం:
అందరికీ హ్యాచరీలో చుట్టాలు ఉండరు. పచ్చసొనతోనే మా ఇంట్లో వందల పిల్లలు పెరిగాయి. పెంచాక ఏమైందో కూడా చెబుతాను వినండి. ఒక షాపాయన మొత్తం తీసుకుంటానన్నాడు. తీరా పట్టుకెళితే బ్లూ ఎవరూ అడగట్లేదు, గోల్డ్ అయితే చూద్దాం అన్నాడు. కవర్లలో ఊపిరాడక కొన్ని అక్కడే పోయాయి. ఆ రోజు కడుపు మండిపోయింది నాకు.

బ్రాడీపేట గౌరామి:
మిగతావి ఏం చేశారు?

కృష్ణలంక అక్వేరియం:
బందరు కాలువలో వదిలాను. చంపుకోవడం కంటే నయం కదా.

బ్రాడీపేట గౌరామి:
ఎంత మాట అనేశారండీ! ట్యాంకు చేపను కాలువలో వదలడం నయమా? కృష్ణలో జాలర్ల వలల్లో సక్కర్ చేపలు పడుతున్నాయి. దెయ్యం చేప అంటున్నారు, ముళ్ళరెక్కలతో వలలు చింపేస్తున్నాయి. ఆ జాతి దక్షిణ అమెరికాది, అక్వేరియాల కోసం తెచ్చింది. ఎవరో ఒకరు ఇలాగే పాపమని వదిలారు.

కృష్ణలంక అక్వేరియం:
సక్కర్‌కీ గౌరామికీ పోలికేంటి? మగదాన్ని చివరిదాకా ఉంచమనేది మీరు, పిల్లలు దాని నోట్లోకి పోతాయని తెలిసీ. పాపం గురించి మీరు చెప్పకండి.

బ్రాడీపేట గౌరామి:
అవును, తెలిసే చెబుతున్నా. ఒక్కసారికి వందల గుడ్లు పెడుతుంది, ఆడది పెద్దదైతే వెయ్యి దాకా. రెండడుగుల ట్యాంకంటే యాభై లీటర్ల పైచిలుకు నీళ్ళు. బ్లూ గౌరామి ఆరంగుళాల దాకా పెరుగుతుంది, మగవి ఒకదాన్నొకటి బతకనివ్వవు. అన్నిటినీ కాపాడి ఆఖరికి కవర్లో ఊపిరాడక చంపడమో, కాలువలో పొయ్యడమో చేసే బదులు, మొదటి వారంలోనే తండ్రి కొన్నిటిని తినేస్తే నాకు బాధ లేదు. పాతిక, ముప్ఫై మిగిలితే వాటిని బాగా పెంచుతాను.

కొత్తపేట గుంటూరు:
ఇది ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ, రోజంతా తేలతాయా మునుగుతాయా అని కొట్టుకున్నారు.

కృష్ణలంక అక్వేరియం:
పొదిగిన ప్రాణాన్ని బతికించడం నా బాధ్యత. ఎవరు బతకాలో నేను నిర్ణయించను.

బ్రాడీపేట గౌరామి:
జంటను ఒకే ట్యాంకులో వేసిన రోజే నిర్ణయించారు.

మంగళగిరి నుంచి:
పటమట గారూ, మీకు ఎన్ని కావాలి? ఎన్నిటికి చోటుంది? అది తేలితే మగదాని సంగతి తేలుతుంది.

పటమట ట్యాంకు:
నిజానికి ఆ లెక్క నేను వేయలేదు. మా అక్కావాళ్ళింట్లో మూడడుగుల ట్యాంకు ఖాళీగా ఉంది, అది కలిపినా నలభై దాటి పెంచలేను. మగదాన్ని పిల్లలు ఈదేదాకా ఉంచుతాను. కాలువలో మాత్రం వదలను. గుంటూరు, మంగళగిరి వైపు ఎవరికైనా కావాలంటే రెండు నెలలయ్యాక నేనే తెచ్చిస్తాను, డబ్బులొద్దు.

మంగళగిరి నుంచి:
నాకు ఆరు చాలు.

కృష్ణలంక అక్వేరియం:
ఈదేదాకా ఉంచితే ఆ నలభై కూడా మిగలవు. పొదగగానే తీయండి, మిగిలినవి నాకివ్వండి, నేను పెంచుతా.

బ్రాడీపేట గౌరామి:
పెంచి ఎక్కడ వదులుతారో కూడా ఇక్కడే రాయండి, అప్పుడు ఇస్తారు.