‘ఆ ఏరియా వద్దు, నల్లోళ్ళు ఎక్కువ’ అనడం వివక్షా, కాదా?

సుజాత, అట్లాంటా:
మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఇల్లు కొనబోతున్న ఒకాయనకు ముగ్గురు ఒకటే సలహా ఇచ్చారు: "అటు వద్దండీ, నల్లోళ్ళు ఎక్కువ." మా తొమ్మిదేళ్ళ పాప పులిహోర ప్లేటు పట్టుకుని అక్కడే ఉంది. "అమ్మా, నా ఫ్రెండు ఇల్లు అక్కడే కదా, ఎందుకు వద్దు?" అంది. నాకు నోట మాట రాలేదు. ఇది ముమ్మాటికీ వివక్షే అంటాను.

శీను, డాలస్:
తెల్లోళ్ళని తెల్లోళ్ళు అంటాం, నల్లోళ్ళని నల్లోళ్ళు అంటాం. రంగు చెబితే వివక్ష ఎలా అవుతుందండీ?

లక్ష్మి:
పెళ్ళిచూపుల్లో నన్ను "కాస్త రంగు తక్కువ" అన్నారు. ఈ జబ్బు మనం ఇక్కడికొచ్చాక అంటుకున్నది కాదు.

సుజాత, అట్లాంటా:
శీనుగారూ, నా బాధ ఆ "వద్దు" గురించి. 1930లలో ఫెడరల్ సంస్థే నగరాలకు మ్యాపులు గీయించి, నల్లజాతివాళ్ళుండే పేటలకు, అప్పు ఇస్తే ప్రమాదమని ఎర్ర రంగు పూసింది. ప్రభుత్వ గ్యారంటీ ఉన్న హోమ్ లోన్లు ఆ పేటలకు దాదాపు అందలేదు. ఇళ్ళ అమ్మకాల్లో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది 1968లో. ఇక్కడ స్కూళ్ళ ఖర్చులో పెద్ద వాటా ఆస్తి పన్నుదే. ఇళ్ళకు విలువ పెరగనివ్వకపోతే స్కూలు ఎలా బాగుపడుతుంది? ఆ స్కూలు రేటింగ్ చూసి మనం "వాళ్ళంతే" అనేస్తున్నాం.

శీను, డాలస్:
1968 అయి యాభై ఏళ్ళు దాటింది. నేనడిగింది ఒక్కటే. ఆ మాట తిట్టా, కాదా?

వెంకట్:
అన్నా, ఆ మాటకు వెనక ఏముందో చూడు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని 1662లో వర్జీనియాలో చట్టం చేశారు. పుట్టే ప్రతి బిడ్డా యజమానికి ఆస్తే. అంత లాభం వదులుకోలేక, "వీళ్ళు పుట్టుకతోనే తక్కువవాళ్ళు" అని తమకు తాము నచ్చజెప్పుకున్నారు. దోపిడీ నిలబడటానికే ఆ ద్వేషాన్ని పెంచి పోషించారు.

శీను, డాలస్:
నాకు పాఠాలు చెప్పకు. ఎంఎస్ చదివేటప్పుడు గ్యాస్ స్టేషన్లో నైట్ డ్యూటీ చేశాను. ఒకడొచ్చి కౌంటర్ మీద తుపాకీ పెట్టాడు. ఈ రోజుకీ షాపు తలుపు గంట మోగితే చెయ్యి వణుకుతుంది. నీ 1662 ఆ రాత్రి నన్ను కాపాడిందా?

సుజాత, అట్లాంటా:
మీ భయం నిజం, కాదనను. కానీ 2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీరును "మా దేశం నుంచి పొండి" అని అరిచి కాల్చి చంపినవాడు తెల్లవాడు. ఆ తర్వాత తెల్లవాళ్ళున్న ఏరియాలో ఇల్లు వద్దని మనలో ఒక్కరైనా అన్నామా?

శీను, డాలస్:
అనలేదు. అయినా వీసా టెన్షన్ పడుతూ, అప్పు చేసి కొనే ఇల్లు ఇది. చరిత్ర చేసిన తప్పుకు నా పిల్లల చదువు పణంగా పెట్టాలా? నా గొడవ ఇదీ.

వెంకట్:
1946 చట్టం ప్రకారం అమెరికాకు వలస రావడానికి మన దేశానికి ఏడాదికి 100 మంది కోటా. ఆ తలుపు 1965లో తెరుచుకుందంటే పౌరహక్కుల ఉద్యమం పుణ్యమే. దెబ్బలు తిన్నది వాళ్ళు, వచ్చింది మనం.

సుజాత, అట్లాంటా:
ఇల్లు మీ ఇష్టమొచ్చిన చోట కొనుక్కోండి. స్కూలు బాలేదంటే బాలేదనండి. మనుషుల రంగును మాత్రం పిల్లల ముందు కారణంగా చెప్పకండి. శనివారం మా పాప పుట్టినరోజు, ఆ ఫ్రెండు కూడా వస్తోంది.

శీను, డాలస్:
ఆ ఏరియాలో నేను కొనను, అది మారదు. కానీ రాత్రి నుంచీ ఒకటే ఆలోచన. ఆ తుపాకీవాడి మొహం నాకు గుర్తులేదు. రంగొక్కటే గుర్తుంది.