కట్టెల రేంజి కుక్కర్‌ను నమ్ముకుని కిరోసిన్ బాయిలర్ తీసివేయవచ్చునా?

ప్రశ్న
ఐర్లండ్‌లోని టిప్పరరీ కౌంటీలో మేము కొన్న పాత ఇంటి వంటగదిలో కట్టెలతో మండే పోత ఇనుము రేంజి కుక్కర్ ఉంది. వంట దాని మీదే చేసుకోవచ్చు. పొయ్యి వెనుక అమర్చిన బాయిలర్‌లో కాగిన నీళ్ళు మేడ మీది రాగి సిలిండర్‌కూ, గదులను వెచ్చబరిచే రేడియేటర్లకూ వెళ్తాయి. ఈ మధ్య కరెంటు పోయినప్పుడు బాయిలర్‌లో దడదడమని చప్పుడు మొదలై, అటక మీది ట్యాంకులోకి మరిగే నీళ్ళు పొంగి వచ్చాయి. ఇది ప్రమాదమా? పైగా రోజంతా కట్టెలు వేసినా రేడియేటర్లు గోరువెచ్చగానే ఉంటున్నాయి, పొగగొట్టంలో తారు పేరుకుంటోంది. ఇంట్లో కిరోసిన్ బాయిలర్ కూడా విడిగా ఉంది, దాన్ని తీసివేయవచ్చునా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం
నీళ్ళు ట్యాంకులోకి పొంగాయంటే ఆవిరి బయటికి పోయే దారి తెరిచే ఉందన్నమాట, అంతవరకు మంచిదే. గ్యాస్ పొయ్యిలా కట్టెల నిప్పును ఒక్కసారిగా ఆపలేము కనుక, కరెంటు పోయి, నీళ్ళను తిప్పే పంపు ఆగిన తరువాత కూడా బాయిలర్‌లోని వేడి ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉండాలి. అందుకే సిలిండర్‌కు వెళ్ళే 28 మిల్లీమీటర్ల గొట్టాలు, వేడి నీళ్ళు వాటంతట అవే పైకెక్కి చల్లనివి కిందికి దిగేలా, మధ్యలో ఎక్కడా పల్లం లేకుండా ఏటవాలుగా సాగాలి. అదే మార్గంలో వాల్వు లేని రేడియేటర్ ఒకటి ఉండాలి. మీ ఇంట్లో ఎవరో దానికి వాల్వు బిగించి మూసివేశారేమోనని నా అనుమానం. ముందు అది చూడండి. అటక మీది ట్యాంకు మరిగే నీటిని తట్టుకునే రకమేనా అన్నది అంతకంటే ముఖ్యం, ఎందుకంటే మామూలు ప్లాస్టిక్ తొట్టి మెత్తబడి కూలిపోగలదు. మళ్ళీ అలా జరిగితే పొయ్యి గాలి ద్వారాలు మూసి, వేడి నీళ్ళ కుళాయి తిప్పండి. నిప్పు మీద నీళ్ళు మాత్రం పోయవద్దు, పోత ఇనుము పగులుతుంది.

రెండవ సమాధానం
రేడియేటర్ల సంగతి, తారు సంగతి రెండూ పచ్చి కట్టెల దగ్గరికే వస్తాయని నేను అనుకుంటున్నాను. అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరి కావడానికే మంట వేడి ఖర్చవుతుంది. తేమ 20 శాతానికి దిగిన కట్టె కిలోకు దాదాపు 4 కిలోవాట్ అవర్ల వేడినిస్తుంది కాబట్టి, పొగలో పోయేది పోగా, 10 కిలోవాట్ల వేడి కావాలంటే గంటకు మూడు నాలుగు కిలోలు వేయాలి. ఐర్లండ్‌లో 2022 అక్టోబరు 31 నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 25 శాతం మించరాదన్న నిబంధన వచ్చింది, కానీ పొరుగు రైతు ఇచ్చే తెగులు సోకిన యాష్ అనే చెట్టు కట్టెను మీరే చీల్చి, గాలి ఆడే చోట పేర్చి, ఒకటి రెండేళ్ళు ఆరనివ్వాలి. తేమ కొలిచే మీటరును బెరడు మీద కాక, కొత్తగా చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చి చూడండి.

మూడవ సమాధానం
తారుకు మరో కారణం కూడా ఉండవచ్చు: రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీళ్ళు మరీ చల్లగా ఉంటే బాయిలర్ గోడల మీద పొగ చెమ్మగిల్లి జిగురులా అంటుకుంటుంది. వేడి నీళ్ళు కలిపి ఆ నీళ్ళను కనీసం 55 డిగ్రీలకు తెచ్చే మిక్సింగ్ వాల్వు పెట్టించండి; చిమ్నీ శుభ్రం చేయించండి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం లేకపోతే ఈ వారమే కొనండి. కిరోసిన్ బాయిలర్‌ను మాత్రం తీయవద్దండి. జూలైలో రెండు బకెట్ల స్నానపు నీళ్ళ కోసం వంటగదిని నిప్పుల కుంపటి చేసుకోవడం ఎవరి తరమూ కాదు.