లకుముకి పిట్ట పేరులో చేప ఏదీ?

అందరికీ నమస్కారం. చిన్న సందేహం. తమిళంలో మీన్‌కొత్తి, బెంగాలీలో మాఛ్‌రాంగా, ఇంగ్లీషులో కింగ్‌ఫిషర్. అన్నిట్లోనూ చేప ఉంది, మన లకుముకిలో లేదు. ఇంతకీ లకుముకి అంటే ఏమిటి? చెకుముకి రాయికి చుట్టమా అని మావాడు అడిగితే నోట మాట రాలేదు.

— చుట్టరికం ఏమీ లేదండి, వట్టి ప్రాసే. చెకుముకి తుర్కీ మాట, హిందీలోనూ చక్‌మక్ అంటారు.

— నా అనుమానం ‘లక్క ముక్కు’ మీద. ముదురు గోధుమరంగు తల, తెల్ల గొంతు, నీలం వీపు ఉన్నదాన్ని ఈసారి దగ్గర్నుంచి చూడండి. ముక్కు అచ్చం లక్క పూసినట్టే ఉంటుంది. చెరువు మీద గాల్లో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, నిట్టనిలువునా నీళ్ళలోకి దూకే నలుపు తెలుపు పిట్టకి ముక్కు నల్లగా ఉంటుంది. కాబట్టి పేరు ముందు ఎర్రముక్కుదానిదై, తర్వాత మిగతావాటికి పాకిందేమో. ఊహే సుమా! రెండు చోట్లా ‘క్క’ పోయి ‘క’ ఎలా మిగిలిందని వ్యాకరణం తెలిసినవారు నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు.

— పేరులో చేప లేకపోవడమే న్యాయం. ఈ ఎర్రముక్కుది నీళ్ళ దగ్గరే ఉండాలని లేదు. తొండలు, మిడతలు, పీతలు, ఏది దొరికితే అది. మొన్న మా వీధిలో కరెంటు తీగ మీద కూర్చుని తొండపిల్లని తోక దగ్గర పట్టుకుని, అటో దెబ్బ ఇటో దెబ్బ తీగకేసి బాదింది. అది మెత్తబడ్డాక తిప్పి, తలవైపు నుంచి మింగేసింది. చుట్టుపక్కల చుక్క నీరు లేదు.

— నిఘంటువుల్లో బుచ్చిగాడు అని కూడా ఉంది. వేలెడంత ఉండే చిన్న నీలిపిట్టకైతే ముద్దుగా సరిపోతుంది. ఊరంతా వినబడేలా అరిచే ఈ పెద్దదాన్ని బుచ్చిగాడనడం కాస్త ఎక్కువే! ఇంకోటి, దసరా నాడు దీన్నే చూపించి పాలపిట్ట అని దండం పెట్టించేవాళ్ళున్నారు. పాలపిట్టకి ఇంత పొడుగు ఎర్రముక్కు ఉండదు బాబూ.

— అందరికీ థాంక్స్. మావాడికి లక్కముక్కు కథే చెప్పాను, ఊహే అని కూడా చెప్పాను. ఇప్పుడు లక్కంటే ఏమిటని పట్టుకున్నాడు. లక్కపిడతలు చూపిద్దామంటే ఇంట్లో ఒక్కటీ లేదు.