నెలనెలా కట్టే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారాలా? కట్టడం ఆపిన రోజు మన చేతిలో ఏం ఉంటుంది?

పగటివెలుగు

ఒకసారి కొనుక్కున్న లైట్‌రూమ్ 6 (అడోబీ సంస్థ ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రాము) తోనే ఇన్నాళ్లూ పని నడిపిస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. 2015లో వచ్చిన ఆ వెర్షనే కొనుగోలు పద్ధతిలో చివరిది. 2017 డిసెంబరు నాటి 6.14 తర్వాత దానికి అప్‌డేట్ లేదు, కాబట్టి ఆ తర్వాత వచ్చిన కెమెరాల రా ఫైళ్లను (సెన్సర్ నుంచి నేరుగా వచ్చి, ఇంకా జేపెగ్‌గా మారనివి) అది గుర్తుపట్టదు. సబ్‌స్క్రిప్షన్‌లో దొరికే లైట్‌రూమ్ క్లాసిక్‌కు మారిపోవడం మేలా, వేరే దారి ఉందా? ధర సంగతి ఎవరి లెక్క వారిది, దాన్ని పక్కన పెడదాం. పనికి వచ్చే నష్టమేంటో చెప్పండి.

చీకటిగది

మారకండి. వెళ్లడం సులువు, తిరిగి రావడానికి దారి లేదు.

క్లాసిక్ మొదటిసారి తెరిచినప్పుడు పాత క్యాటలాగ్‌ను (ఫోటోల జాబితా, వాటిపై చేసిన మార్పులు దాచే ఫైలును) తనకు కావలసిన రూపంలోకి మార్చి ఇంకో ఫైలు తయారుచేసుకుంటుంది. పాత క్యాటలాగ్ ఫైలు (ఎల్‌ఆర్‌క్యాట్) చెక్కుచెదరదు, అది నిజమే. కానీ ఆ రోజు నుంచి చేసే పనంతా కొత్త ఫైలులోకే వెళ్తుంది, దాన్ని లైట్‌రూమ్ 6 తెరవలేదు. రెండేళ్లు కట్టి మానేశారనుకోండి, పాత క్యాటలాగ్ రెండేళ్ల కిందటి స్థితిలోనే కూర్చుని ఉంటుంది.

ఒప్పందం కూడా చదవండి. ఏడాది ప్లాన్ తీసుకుని నెలనెలా కట్టే పద్ధతిలో, మొదటి 14 రోజులు దాటాక మధ్యలో మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టాలన్నది అడోబీ నిబంధన. ఈ రుసుము సంగతి కొనేవాళ్లకు సరిగ్గా కనబడనివ్వలేదంటూ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఆ సంస్థపై కోర్టుకెళ్లింది. అందుకే ‘నెలవారీ’ అన్న మాట కనబడగానే నెలకోసారి మానేయొచ్చని అనుకోవద్దు.

తోకచుక్క

చీకటిగది గారూ, క్యాటలాగ్ వెనక్కి రాదన్నది ఒప్పుకుంటాను. కానీ మీ మాట విన్నవాళ్లు ఫోటోలే పోతాయని భయపడతారు. క్లాసిక్‌లో గడువు తీరాక మూతపడేవి ముఖ్యంగా డెవలప్ (ఫోటోలు సవరించేది), మ్యాప్ (ఎక్కడ తీశామో పటంలో చూపేది) మాడ్యూళ్లు, క్లౌడ్ సింక్. లైబ్రరీ తెరుచుకుంటుంది, ఫోటోలు వెతుక్కోవచ్చు, అప్పటికే చేసిన మార్పులతో సహా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. అసలు ఫైళ్లు ఎలాగూ మన డిస్కులోనే ఉంటాయి.

భయపడాల్సింది ‘క్లాసిక్’ అన్న పేరు లేని ఇంకో లైట్‌రూమ్ విషయంలో. అది అసలు ఫైళ్లను క్లౌడ్‌లో పెడుతుంది. చందా ఆగాక ఏడాదిపాటు అక్కడ ఉంచుతామని అడోబీ చెబుతోంది, ఆ లోపు దించుకోవాలి. ఒకటి రెండు టెరాబైట్లు దించాలంటే మామూలు నెట్‌తో రోజులు పడుతుంది. దాన్ని వాడేవాళ్లు సెట్టింగుల్లోని లోకల్ స్టోరేజ్‌లో ‘అన్ని అసలు ఫైళ్ల కాపీ ఈ డిస్కులో ఉంచు’ అన్న గడికి మొదటిరోజే టిక్కు పెట్టాలి. పేర్లు దగ్గరగా ఉండటంతో ఈ రెండింటినీ ఒకటే అనుకుని పొరబడేవాళ్లు ఎక్కువ.

నిలువుటద్దం

ఫోటో పోదు, క్యాటలాగ్ కూడా పోదు. పోయేది మనం తీసుకున్న నిర్ణయాలు. ఎక్స్‌పోజర్ ఎంత పెంచాం, ఏ నీడను ఎంత లేపాం, ముఖం చుట్టూ మాస్క్ (సవరణను ఆ భాగానికే పరిమితం చేసే హద్దు) ఎక్కడ గీశాం అన్నవన్నీ సూచనలుగా మాత్రమే రాసి ఉంటాయి. వాటిని చదివి అదే బొమ్మ గీయగల ఇంజన్ ఒక్క అడోబీదే.

క్యాటలాగ్ అసలు రూపం ఎస్‌క్యూలైట్ డేటాబేస్, తాళం వేసిన పెట్టె ఏమీ కాదు. సెట్టింగులను క్యాటలాగ్ బయటికి కూడా రాయించొచ్చు: క్యాటలాగ్ సెట్టింగ్స్, మెటాడేటా ట్యాబ్, అందులో మార్పులను ఆటోమేటిక్‌గా ఎక్స్‌ఎంపీలో (సెట్టింగులు, కీవర్డులు రాసిపెట్టే ఫైలు రూపంలో) రాయమనే గడి. పాత ఫోటోలకైతే అన్నీ ఎంచుకుని కంట్రోల్ ఎస్ కొట్టాలి. రా ఫైలు పక్కన అదే పేరుతో చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు పుడుతుంది. డీఎన్‌జీ (అడోబీ తెచ్చిన రా ఫైలు రూపం), జేపెగ్‌లకైతే సమాచారం ఫైలు లోపలికే వెళ్తుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది. కలెక్షన్లు (ఫోటోలను మనం కట్టుకున్న గుంపులు) ఎక్స్‌ఎంపీలోకి రావు. వర్చువల్ కాపీలు (ఒకే ఫైలుకు వేరే సవరణలతో ఉన్న రెండో రూపాలు) రావు. ఎడిటింగ్ చరిత్ర రాదు. పదేళ్లుగా కలెక్షన్ల మీదే బతికినవాళ్ల అమరికంతా క్యాటలాగ్‌లోనే చిక్కుకుని ఉంటుంది. విరుగుడు సులువే: ఒక్కో కలెక్షన్ తెరిచి, అన్నీ ఎంచుకుని, ఆ కలెక్షన్ పేరునే కీవర్డ్‌గా తగిలించి, మళ్లీ కంట్రోల్ ఎస్. కీవర్డులను ఏ ప్రోగ్రామైనా చదువుతుంది. వర్చువల్ కాపీల్లో ముఖ్యమైనవాటిని 16 బిట్ టిఫ్‌గా (సవరణలు కలిసిపోయిన, నాణ్యత తగ్గని బొమ్మ ఫైలుగా) తీసి పెట్టుకోవాలి.

పగటివెలుగు

అయితే అన్నింటినీ టిఫ్‌గా తీసేసుకుంటే గొడవే ఉండదు కదా?

నిలువుటద్దం

లెక్క వేయండి. 24 మెగాపిక్సెళ్లు, మూడు రంగులు, ఒక్కో రంగుకు 2 బైట్లు. కుదించకుండా ఒక్క ఫోటోకు 144 మెగాబైట్లు. పదివేల ఫోటోలకు 1.44 టెరాబైట్లు, దానికి బ్యాకప్ మరో అంత. పైగా వైట్ బ్యాలెన్స్, పోగొట్టుకున్న హైలైట్లు టిఫ్‌లో గట్టిపడిపోతాయి, రాలో ఉన్నంత వెసులుబాటు ఉండదు. ఎంపిక చేసిన వంద ఫోటోల్లో ఐదారింటికి టిఫ్, మిగతావాటికి పూర్తి సైజు జేపెగ్ చాలు. రా, ఎక్స్‌ఎంపీ ఎలాగూ పక్కనే ఉంటాయి.

ఒక సంగతి గమనించండి. ఏఐతో నాయిస్ తీసే డీనాయిస్ 2023 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఫలితాన్ని విడి డీఎన్‌జీ ఫైలుగా ఇచ్చేది. ఆ ఫైలు మనదే, వేరే ప్రోగ్రాముల్లోనూ తెరుచుకునేది. తర్వాతి వెర్షన్లలో విడి ఫైలు లేకుండా మామూలు స్లైడర్‌లా మారింది. డిస్కు ఆదా అయిన మాట నిజం, కానీ ఫలితం మళ్లీ ఆ ప్రోగ్రాము లోపలే ఉండిపోయింది. సౌకర్యం పెరిగిన ప్రతిచోటా ఈ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఫలితం ఏ ఫైలులో ఉంది?

చీకటిగది

ఇంత తతంగం పడేకన్నా ఉన్నదాన్నే వాడుకోవచ్చు. అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం. కొత్త కెమెరా రా ఫైళ్లను డీఎన్‌జీ చేస్తే లైట్‌రూమ్ 6 తెరుస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో కంపాటిబిలిటీ దగ్గర కెమెరా రా 7.1 ఎంచుకోవాలి. కొత్త వెర్షన్ ఎంచుకుంటే పాత ప్రోగ్రాముకు అర్థంకాని రూపంలో ఫైలు తయారయ్యే ప్రమాదం ఉంది. అసలు రా ఫైళ్లను మాత్రం చెరపకండి. కెమెరా కంపెనీలు ఇచ్చే సొంత సాఫ్ట్‌వేర్లు ఈ డీఎన్‌జీలను తెరవవు.

తోకచుక్క

పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. కొత్త లెన్సుల ప్రొఫైళ్లు (లెన్సు లోపాలను సరిచేసే లెక్కలు) లైట్‌రూమ్ 6 లో ఉండవు, 2018లో వచ్చిన అడోబీ కలర్ ప్రొఫైల్ ఉండదు, వాటితో సర్దుకోవచ్చు. కానీ కొన్నది కలకాలం మనదే అన్న నమ్మకం దగ్గరే నాకు అభ్యంతరం. 2018 నవంబరు చివర్లో లైట్‌రూమ్ 6 మ్యాప్ మాడ్యూల్ ఆగిపోయింది, ఎందుకంటే అది నడిచేది గూగుల్ మ్యాప్స్ సేవ మీద. 2019లో మ్యాక్ ఓఎస్ క్యాటలినా 32 బిట్ ప్రోగ్రాములకు స్వస్తి చెప్పింది. లైట్‌రూమ్ 6 ఇన్‌స్టాలరు, యాక్టివేషన్ భాగాలు 32 బిట్‌వే, దాంతో అక్కడ కొత్తగా ఎక్కించుకునే వీలు లేకుండా పోయింది. ఆపిల్ ఫోటో ప్రోగ్రాము అపర్చర్ సంగతీ తెలిసిందే: జనం డబ్బు పెట్టి కొన్నదే, 2014లో అభివృద్ధి ఆపేస్తున్నామన్నారు, 2015లో అమ్మకం ఆగింది, క్యాటలినాలో అసలు తెరుచుకోలేదు.

కొన్న ప్రోగ్రాము ప్రాణం ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో, యాక్టివేషన్ సర్వర్ చేతిలో ఉంటుంది. డిస్కు పాడై కంప్యూటర్ మార్చిన రోజున అది తెలుస్తుంది.

చీకటిగది

ఈ దెబ్బ నిజమే, అక్కడ నా వాదనకు బలం తక్కువ. లైట్‌రూమ్ 6 ను శాశ్వతమని చెప్పను, ఇంకొన్నాళ్ల ఊపిరి అంటాను. ఆ వ్యవధిలో డార్క్‌టేబుల్ అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రాము నేర్చుకోండి. సోర్స్ కోడ్ బహిరంగం, యాక్టివేషన్ లేదు, సర్వర్ లేదు. రెండూ ఒకే ఫోల్డర్ మీద నడపొచ్చు కూడా. అడోబీ ఎక్స్‌ఎంపీ పేరులో రా ఫైలు ఎక్స్‌టెన్షన్ ఉండదు, డార్క్‌టేబుల్‌ది పూర్తి పేరుతో, అంటే సీఆర్2 లాంటి ఎక్స్‌టెన్షన్‌తో సహా ఉంటుంది. కాబట్టి ఒకదాని మీద ఒకటి రాసుకోవు.

నిలువుటద్దం

అదే నేర్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. డార్క్‌టేబుల్ అడోబీ ఎక్స్‌ఎంపీని ఫోటోను చేర్చేటప్పుడు చదివి, కీవర్డులు, రేటింగులు, క్రాప్, ఎక్స్‌పోజర్ లాంటివి కొన్ని తెచ్చుకుంటుంది. మాస్కులు ఆశించకండి. వచ్చిన ఎక్స్‌పోజర్ కూడా అదే బొమ్మను ఇవ్వదు, ఎందుకంటే రెండింటి టోన్ లెక్కలు వేరు. క్యాప్చర్ వన్ అనే ఇంకో ఎడిటింగ్ ప్రోగ్రాము లైట్‌రూమ్ క్యాటలాగ్‌నే తీసుకుంటుంది, అక్కడా దక్కేవి ప్రాథమిక సవరణలే.

ఫోటోషాప్ వాడేవాళ్లు ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ దగ్గర పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు రూపం) కంపాటిబిలిటీని ‘ఎల్లప్పుడూ’ అని పెట్టండి. అన్ని లేయర్లూ కలిసిన బొమ్మ ఒకటి ఫైలులో చేరుతుంది. ఫైలు లావెక్కుతుంది, కానీ లేయర్లు అర్థంకాని ప్రోగ్రాములోనూ కనీసం ఫోటో కనబడుతుంది.

పగటివెలుగు

నెట్ లేనిచోట రెండు మూడు వారాలు పనిచేయాల్సి వస్తే క్లాసిక్ ఆగిపోతుందా?

తోకచుక్క

రోజూ నెట్ అక్కర్లేదు. ఏడాది ప్లాన్‌కు 99 రోజుల వరకు, నెల ప్లాన్‌కు 30 రోజుల వరకు నెట్ లేకుండా నడుస్తుంది. బయల్దేరే ముందు ఒకసారి నెట్‌లో ఉండగా ప్రోగ్రాము తెరవండి. బ్యాంకు కార్డు గడువు ఆ మధ్యలో తీరకుండా చూసుకోండి, చాలాసార్లు ఆగేది దానివల్లే.

మారాలనుకుంటే మొదట 20 ఫోటోలతో విడి క్యాటలాగ్ చేసి చూడండి. అందులో మాస్కులున్నవి, వర్చువల్ కాపీలున్నవి, కలెక్షన్లలో ఉన్నవి కలపండి. ఎక్స్‌ఎంపీ రాయించి, ఆ ఫోల్డర్‌ను వేరే డిస్కుకు కాపీ చేసి, డార్క్‌టేబుల్‌లో తెరవండి. ఏమొచ్చింది, ఏం రాలేదు అన్నది గంటలో కళ్లముందు ఉంటుంది.

చీకటిగది

ఆ పరీక్ష వరకు నాకూ అభ్యంతరం లేదు. లైట్‌రూమ్ 6 క్యాటలాగ్ కాపీ ఒకటి, దాని ఇన్‌స్టాలరు, సీరియల్ నంబరు ముందే వేరే డిస్కులో భద్రం చేసి మొదలుపెట్టండి.